టెక్సస్‌లో పిస్తోలు బేరం

డల్లాస్ నగరానికి ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ అని ఒకదాన్నొకటి ఆనుకొని ఊళ్ళున్నాయి. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలయిందో కొత్తవాడికి తెలియదు. మనవాళ్ళు ఎంతమంది వున్నారంటే, దుకాణంలో గోంగూర ఏ వరసలో వున్నదో తెలుగులోనే అడగవచ్చు. అటువంటి చోట కొన్ని తలుపుల మీద కనిపించే ఒక నోటీసు మాత్రం మన కంటికి కొత్త. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళం ఎత్తు అక్షరాలతో వుంటుంది. చేతితుపాకి దాచుకొని లోపలికి రావద్దని దాని సారాంశం. అంటే, నోటీసు లేని దుకాణానికి రావచ్చుననే గదా!

1996 నుంచి ఈ రాష్ట్రంలో లైసెన్సు పొందినవారు బట్టల చాటున చేతితుపాకి పెట్టుకొని తిరగవచ్చు. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టం నిషేధించని వారయితే, ఆ లైసెన్సయినా అక్కరలేదు. అయితే చదువు, ఉద్యోగ వీసాల మీద వున్న మన పిల్లలకు, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి దగ్గర వుంచుకోవడమే ఫెడరల్ నేరం. ఈ సంగతి తల్లిదండ్రులు తెలుసుకొని వుండటం మంచిది.

మా పెద్దమ్మగారి అమ్మాయి సరోజక్కయ్య, బావగారు పాతికేళ్ళుగా ప్లేనోలో వుంటున్నారు, అక్కడి పౌరులు. 2023 మే 6న పక్కనే వున్న ఆలెన్‌లో, ఒక పెద్ద అంగళ్ళ సముదాయంలో ఒకడు తుపాకి పేల్చి ఎనిమిదిమందిని పొట్టన పెట్టుకొన్నాడు. చనిపోయినవారిలో మన తెలుగమ్మాయి, ఇంజనీరు, ఒకరు. అక్కయ్యావాళ్ళు పండుగ బట్టలు కొనే చోటు అదే. నాటి నుంచి బావగారి మనసు పిస్తోలు మీద పడింది. నేను వెళ్ళిన వేసవిలో, "రావోయ్, నువ్వూ చూద్దువుగాని" అంటూ బయలుదేరదీశారు. అక్కయ్య మాట్లాడకుండా కారెక్కింది.

దుకాణం చూస్తే నగల అంగడే. అద్దాల బల్లల కింద మెత్తటి గుడ్డ మీద వరసగా తుపాకులు. అమ్మే ఆవిడకు అరవై ఏళ్ళుంటాయి. బావగారు గ్లాక్ 19 వంక వేలు చూపించారు. ఆస్ట్రియా కంపెనీ సరుకు. పదిహేను తూటాలు పడతాయి. ఖాళీగానే ఆరువందల గ్రాముల బరువు. ఆవిడ దాన్ని బయటికి తీయకుండా, "మీరు రోజూ ఎటువంటి బట్టలు వేసుకొంటారు?" అని అడిగింది. దర్జీ అడగవలసిన ప్రశ్న ఈవిడ అడుగుతున్నదేమిటా అనుకొన్నాము.

అసలు ప్రశ్న అదేనట. పెద్ద పిస్తోలు చేతికి నిండుగా వుంటుంది, పేలినప్పుడు అదురు తక్కువ. కాని పలచని చొక్కా కింద దాగదు. చిన్నది ఇట్టే దాగుతుంది. పేలితే చేతిని విదిలించి కొడుతుంది, సాధన లేనివారికి గురి నిలవదు. 2018లో వచ్చిన సిగ్ పి365 అర కిలో బరువులోనే పది తూటాలు పట్టి ఈ తగువు కొంత తీర్చింది. అయిదు తూటాల చిన్న రివాల్వరుకు పైభాగాన్ని వెనక్కి లాగే పని లేదు గాని, ట్రిగ్గరు నొక్కడానికి వేలిలో సత్తువ కావాలి. పిడి అరచేతికి అమరాలి, వేలు ట్రిగ్గరుకు అందాలి. అవి చూసుకోకుండా పేరు చూసి కొనరాదు.

తరువాత హోల్‌స్టరు మాట వచ్చింది. కత్తికి మనం ఒర అంటామే, అదే. ఈ ఒర ట్రిగ్గరును పూర్తిగా కప్పాలి. తలకిందులు చేసినా పిస్తోలు జారరాదు. పిస్తోలు తీశాక దాని నోరు మూసుకొనిపోరాదు. మెత్తబడిన పాత తోలు లోపలికి మడత పడితే, తిరిగి దోపేటప్పుడు అదే ట్రిగ్గరును నొక్కవచ్చు. అందుకని కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఏ నమూనాకు ఆ ఒర అచ్చుగా చేస్తున్నారు. దానికి తోడు బిగువైన బెల్టు వుండాలి.

"మరి చీర కట్టుకొనేవాళ్ళకో?" అన్నది అక్కయ్య.

నడుముకు చుట్టుకొనే వెడల్పాటి పట్టీ ఒకటి చూపించింది ఆవిడ. "ఎందుకొచ్చిన బాధ, చేతిసంచిలో వేసుకొంటే పోలా?" అన్నారు బావగారు. ఆవిడ తల అడ్డంగా వూపింది. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక తల్లి, పిస్తోలు కోసమే కుట్టిన సంచిలో దాన్ని పెట్టుకొని దుకాణానికి వెళ్ళింది. పక్కనున్న రెండేళ్ళ కొడుకు చేయి దాని మీద పడింది. తూటా తగిలి తల్లి చనిపోయింది.

అక్కయ్యకు మూడేళ్ళ మనవడున్నాడు. వాడి చేతికి అందనిదంటూ ఆ ఇంట్లో లేదు.

లెక్క మొదలుపెట్టింది అక్కయ్య. బడిలోకి తీసుకుపోరాదు, కోర్టులోకి, ఓటు వేసే చోటికి రాదు. వెళ్ళిన ప్రతిచోటా కారులో పెట్టి తాళం వేయాలి. కారు అద్దం పగలగొట్టే దొంగలున్నారు గనుక అక్కడొక ఇనుపపెట్టె, ఇంట్లో మరొకటి. ఆపైన సాధనకు తూటాలు. కౌపీనం కోసం పిల్లినీ, పిల్లి కోసం ఆవునూ తెచ్చుకొన్న సన్యాసి సంసారం గుర్తుకొచ్చింది నాకు.

అయినా బావగారిని చూసి నవ్వలేకపోయాను. ఆయుధం వద్దని మన ఊళ్ళో కూర్చొని చెప్పడం తేలిక. ఆలెన్ పక్కన కాపురముంటున్న మనిషికి చెప్పడం అంత తేలిక కాదు.

"ముందు శిక్షణకు రండి. అద్దె తుపాకులతో నాలుగు రకాలు కాల్చి చూడండి. కొనడం ఆ తరువాత" అన్నది ఆవిడ. బావగారు శనివారం తరగతికి పేరు రాయించుకొన్నారు. అక్కయ్య మాత్రం ఇనుపపెట్టె ధర అడిగి, కాగితం మీద రాసుకొన్నది.