చేతి బిగువు

ఆ మధ్య ఓ ఎగ్జిబిషన్‌లో లేసు బల్లగుడ్డ బేరమాడుతూ ఒకావిడ, "ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళు పొద్దుపోక అల్లేదేగా, ఇంత రేటేమిటండీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నరసాపురం, పాలకొల్లు పక్క ఊళ్ళలో పొద్దు మిగిలిన ఆడది ఎక్కడుంది? వంటయ్యాక, మళ్ళీ పొయ్యి వెలిగించేలోగా దొరికే కాస్త వెలుతురులో గడప దగ్గర కూర్చుని అల్లుతారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు స్త్రీల మీద రాసిన పుస్తకంలో మొత్తుకున్నదీ ఇదే. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసేవాళ్ళని గృహిణుల లెక్కలో వేసి, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపమన్నారు. కూలీ కూడా కాలక్షేపానికి ఇచ్చినట్టే ఇచ్చారు.

మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లికకు ఫ్యాక్టరీ లేదు, ఎవరింట్లో వాళ్ళే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, పువ్వులు లెక్కపెట్టి పట్టుకెళ్తాడు. ఒక ఊళ్ళో అల్లిన పువ్వులు ఇంకో ఊళ్ళో అతుకుపని చేసే ఆవిడ ఒళ్ళో పడతాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. కానీ పువ్వు పట్టుకోగానే అవతలి మనిషి చేయి తెలిసిపోతుంది. దారం అదే, సూది అదే, కుట్ల లెక్కా అదే. అయినా ఒకరి పువ్వు బిగువుగా చిన్నదవుతుంది, ఇంకొకరిది వదులుగా వెడల్పవుతుంది. దస్తూరీ లాగే, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. వదులు పువ్వులన్నీ ఒకచోట పడితే గుడ్డ అక్కడ ఉబ్బుతుంది. బిగువువి పడితే ముడుచుకుపోతుంది. అందుకని అతికే ఆవిడ వాటిని ఏరి, కలిపి పరిచి, మధ్యలో ఒక గొలుసు కుట్టు పెంచో తగ్గించో సర్దుతుంది. దాంతో ఎవరి సరుకూ వెనక్కి రాదు, ఎవరి కూలీలోనూ కోత పడదు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంతకంటే ఏం సాయం చేస్తారు? ఈ సర్దుబాటుకు ఏ బిల్లులోనూ పైసా రాయరు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కొనేవాళ్ళు మాత్రం గుడ్డ తిరగేసి అతుకుల దగ్గర వేలు పెట్టి చూడాలి. అసలు పనితనం అక్కడుంటుంది.

మా పిన్నీ లేసు అల్లేది. ఆమె స్నేహితురాలికి ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగితో పెళ్ళయింది. ఆ క్వార్టర్లలో తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ లేసు సూది పట్టింది ఆవిడొక్కతే. ఇన్‌లాండ్ లెటర్లో ఏమీ పెట్టకూడదు కాబట్టి పిన్ని ఆవిడకు కవరే రాసేది. కొత్త పువ్వు నేర్చుకుంటే ఒకే రకానివి రెండు అల్లి, కాగితం మడతలో పెట్టి పంపేది. ఒకటి దాచుకోవడానికి, ఒకటి విప్పడానికి. లేసు అల్లిన చివరి కుట్టు నుంచే వెనక్కి ఊడుతుంది. ఆవిడ అక్కడ కూర్చుని ఒక్కో వరసా విప్పుతూ, ఎన్ని గొలుసులు, ఎక్కడ కలిపింది అని లెక్కేసుకుని, అదే దారంతో మొదటి నుంచీ అల్లి తిప్పి పంపేది. పిన్ని దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "నాలుగో వరసలో జారింది, పాపం ఒంట్లో బాగాలేదేమో" అని, ఆ రాత్రే ఉత్తరం రాసేది. ఉత్తరంలో రాయని సంగతులు కుట్టులో చదువుకున్నారు వాళ్ళు. ఇప్పుడు వాట్సాప్‌లో పువ్వు ఫొటో కువైట్ దాకా క్షణంలో వెళ్తోంది, మంచిదే. కానీ ఫొటోని విప్పి చూడలేం.

పిన్ని స్నేహితురాలు పండక్కి వచ్చేది. నరసాపురంలో రైలు పట్టాలు అయిపోతాయి. పుట్టిల్లు సఖినేటిపల్లి వైపు కాబట్టి అక్కణ్ణుంచి పంటు ఎక్కాలి. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, మోటారు సైకిళ్ళు, మధ్యలో పిన్నీ, ఆవిడా, సంచీ పట్టుకుని నేనూ. వశిష్ఠ గోదావరి మీద ఉప్పుగాలికి జుట్టంతా చెదిరిపోయేది. వంతెన కావాలని రెండు గట్లవాళ్ళూ తరతరాలుగా అడుగుతున్నారు. కావాలి, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు రేవులో ఆగిపోకూడదు. అయినా వంతెన కట్టాక పంటును తీసెయ్యొద్దంటాను. బస్సులో కిటికీ పక్క సీటు కోసం చూస్తాం. పంటు మీద అవతలి గట్టు మనిషి "ఎవరమ్మాయివే నువ్వు?" అని అడుగుతాడు, చెప్పితీరాలి, దిగేలోపు ఏదో చుట్టరికం తేలుతుంది.