లాలో పీహెచ్‌డీ: బీటెక్ వాళ్ళని ఆపుతున్న మెట్టు ఏది?

లాలో పీహెచ్‌డీ చెయ్యాలనుంది అని మన ఆఫీసు క్యాంటీన్లో ఎవరైనా అంటే ముందు నవ్వుతారు. ఆ తర్వాత "ఏం బాసూ, ఈసారి కూడా హైక్ రాలేదా?" అంటారు :) నాకు ఈ పిచ్చి పట్టి ఏడాది దాటింది. నవ్వులు అయిపోయాక కూర్చుని రూల్సన్నీ చదివాను. అందులో నాకు తోచిన సంగతి ఒకటి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

అసలు సాఫ్ట్‌వేర్ వాడికి లాతో ఏం పని అంటారా? ఒక్క ఉదాహరణ చాలు. పాత ఎవిడెన్స్ యాక్టు పోయి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు ఏదైనా దాఖలు చెయ్యాలంటే సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి. దాని నమూనా చట్టం చివర్లోనే ఉంది. ఫైలు హాష్ విలువ రాసి, ఏ అల్గారిథమ్ వాడారో టిక్కు పెట్టాలి. అక్కడిచ్చిన ఆప్షన్లు ఏంటో తెలుసా? షా-1, షా-256, ఎండీ5, ఇతరం.

ఎండీ5లో కొలిజన్లు బయటపడింది 2004లో. షా-1కి కూడా 2017లో గూగుల్ వాళ్ళూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ వాళ్ళూ కలిసి ఒకే హాష్ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్ళు తయారుచేసి చూపించారు. అలాంటిది 2023లో రాసిన చట్టంలో ఈ రెండూ ఉన్నాయి.

అంతమాత్రాన కొంపలు మునిగిపోవులెండి. పోలీసులు స్వాధీనం చేసుకున్న ఫైలుకి ఎండీ5 తీసి పెడితే, తర్వాత ఎవరో వచ్చి అదే హాష్ వచ్చేలా దాన్ని మార్చడం ఇప్పటికీ అయ్యే పని కాదు. కానీ ఫైలు తయారుచేసినవాడే సర్టిఫికెట్ కూడా ఇస్తే? ఒకే హాష్ ఉన్న రెండు ఫైళ్ళు ముందే సిద్ధం చేసుకుని, అవసరాన్ని బట్టి ఒకటి బయటికి తియ్యొచ్చు. ఆ సర్టిఫికెట్లో పార్ట్ ఎ సంతకం చేసేది రికార్డు దాఖలు చేసే పార్టీయే! పార్ట్ బి నిపుణుడు ఇస్తాడు, నిజమే. అయితే ఆ నిపుణుడు సరిచూడాల్సింది ఏంటి, ఎంతవరకు? ఇది లా ప్రశ్నా, కంప్యూటర్ ప్రశ్నా? రెండూను. రెండూ తెలిసినవాళ్ళు కూర్చుని మూడేళ్ళు పని చెయ్యాల్సినంత ప్రశ్న.

సరే, ఇప్పుడు రూల్సు. మన దేశంలో పీహెచ్‌డీలకి ఆధారం యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు. పీజీలో 55% ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (క్రీమీ లేయర్ కానివాళ్ళు), వికలాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్ళకి 5% సడలింపు. యూనివర్సిటీ సొంతంగా ఎంట్రన్స్ పెడితే అందులో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. 50% వస్తే ఇంటర్వ్యూకి పిలుపు. చివరి లెక్కలో ఎంట్రన్సుకి 70, ఇంటర్వ్యూకి 30. 2024 నుంచి నెట్ స్కోరుతో కూడా పీహెచ్‌డీకి తీసుకోవచ్చని యూజీసీ చెప్పింది. చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు. తక్కువలో తక్కువ మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళ లోపు ముగించాలి.

ఇందులో మనకి ఆశ పుట్టించే వాక్యం ఇంకోటుంది. నాలుగేళ్ళ డిగ్రీలో 75% ఉంటే పీజీ లేకపోయినా పీహెచ్‌డీకి అర్హులే. పైగా 2024 ఏప్రిల్లో అప్పటి యూజీసీ చైర్మన్ జగదీశ్ కుమార్ గారు (ఈయన మన తెలుగాయనే, ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరు), అలాంటివాళ్ళు డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా తమకు నచ్చిన సబ్జెక్టులో నెట్ రాయొచ్చని చెప్పారు. అంటే కాగితం మీద చూస్తే బీటెక్ వాడు కూడా లా సబ్జెక్టులో నెట్ రాయొచ్చన్నమాట!

ఆగండాగండి, అప్పుడే పేపర్లు పెట్టెయ్యకండి. లా డిపార్టుమెంట్ల ప్రవేశ ప్రకటనలు తెరిస్తే మామూలుగా కనిపించేది "ఎల్‌ఎల్‌ఎంలో 55%" అనే మాటే. నన్నడిగితే అది న్యాయమే. ఒక తీర్పు చదివి అందులో కోర్టు నిర్ణయించింది ఏది, మాటవరసకి అన్నది ఏది అని విడదీయడం అలవాటు మీద వచ్చే విద్య. ఒక్క సెమిస్టరు కూడా కోడు రాయనివాడు మన ఆర్కిటెక్చర్ రివ్యూకి వచ్చి కూర్చుంటే మనకెలా ఉంటుందో, నెట్‌లో ఎంసీక్యూలు కొట్టి లా థీసిస్ మొదలెట్టేవాణ్ణి చూస్తే వాళ్ళకీ అలాగే ఉంటుంది.

కాబట్టి దారి ఎల్‌ఎల్‌బీ, ఎల్‌ఎల్‌ఎం, ఆపైన పీహెచ్‌డీ. ఏళ్ళు లెక్కేద్దాం. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ లా, ఏడాది ఎల్‌ఎల్‌ఎం, మూడేళ్ళ పీహెచ్‌డీ చేస్తే మొత్తం తొమ్మిది. మనకి బీటెక్ నాలుగు, ఎల్‌ఎల్‌బీ మూడు, ఎల్‌ఎల్‌ఎం ఒకటి, పీహెచ్‌డీ మూడు, వెరసి పదకొండు. తేడా రెండేళ్ళే! ఎల్‌ఎల్‌ఎం రెండేళ్ళది తీసుకున్నా తేడా మూడు దాటదు. లాసెట్‌కి ఏదో ఒక డిగ్రీలో 45% (ఓసీ వాళ్ళకి) ఉంటే చాలు. అంటే మార్కులూ సమస్య కాదు, ఏళ్ళూ సమస్య కాదు.

మరి అడ్డం ఎక్కడ?

పీహెచ్‌డీని ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైములో చెయ్యొచ్చు. కంపెనీ నుంచి ఎన్‌వోసీ ఇస్తే చాలని 2022 నిబంధనలే చెబుతున్నాయి. ఎల్‌ఎల్‌బీకి ఆ వెసులుబాటు లేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం రెసిడెన్షియల్ కాని కాలేజీల్లో క్లాసులు ఉదయం 8కీ సాయంత్రం 7కీ మధ్యే జరగాలి, ప్రతి సబ్జెక్టులో 70% హాజరు ఉండాలి. దూరవిద్యలో చేస్తే గుర్తింపు లేదు. అంటే చిట్టచివరి మెట్టు ఉద్యోగస్తుడు ఎక్కొచ్చు, మొదటి మెట్టు ఎక్కకూడదు. మేడ మీద గదికి తాళం లేదు, వీధి గుమ్మానికి ఉంది!

దీనికి లోకంలో ఉన్న మందు మీకూ తెలిసే ఉంటుంది. ఒక కాలేజీకి ఫోన్ చేసి టైమింగ్స్ అడిగితే, అవతలాయన చాలా మర్యాదగా "మీరు జాబ్ హోల్డరా సార్? పర్లేదు, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం, పరీక్షలకి వస్తే చాలు" అన్నాడు. దానికో రేటు కూడా చెప్పాడు. కోర్టులో సాక్ష్యం ఎంత నమ్మదగింది అనే ప్రశ్న మీద పరిశోధన చెయ్యాలనుకునేవాడు దొంగ హాజరుపట్టీతో ఆ చదువు మొదలెట్టాలట. నాకు నవ్వు రాలేదు, భయమేసింది. ఎందుకంటే ఒప్పుకోకపోతే మిగిలే దారి మూడేళ్ళు జీతం మానుకోవడం. ఇంట్లో ఈఎంఐ ఉన్నవాడు, నాన్నగారి మందులు కొనాల్సినవాడు ఆ పని చెయ్యలేడు. చివరికి ఆ ప్రశ్న ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండిపోతుంది.

జీతం మానుకోగలిగినవాళ్ళకి ఒక మంచి చోటు చెబుతాను. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2006లో మొదలైన రాజీవ్ గాంధీ మేధోసంపత్తి న్యాయ పాఠశాల ఇంజనీరింగు, సైన్సు, మెడిసిన్ చదివినవాళ్ళ కోసమే మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ నడుపుతోంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో వీలుంది. అక్కడ జేడీకి ఏ డిగ్రీ అయినా సరే, కొన్ని లా స్కూళ్ళలో సాయంత్రం క్లాసులు కూడా ఉన్నాయి. పగలు ఆఫీసు, రాత్రి లా. అమెరికా లాయర్లు అందువల్ల చెడిపోయినట్టు నేనెక్కడా వినలేదు.

మన దగ్గర కూడా ఇది కుదరదనేం లేదు. 70% హాజరు ఉంచండి, నిజంగా తీసుకోండి, కావాలంటే మూడేళ్ళ కోర్సుని నాలుగేళ్ళు చెయ్యండి. క్లాసు మాత్రం రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండనివ్వండి. లాయరుగా ప్రాక్టీసు చేసుకునే హక్కు ఈ దారిలో వచ్చినవాళ్ళకి ఇవ్వకపోయినా పర్లేదు, చదువుకునే హక్కు చాలు. ఇంకోటి, 2022 నిబంధనల్లో కో-సూపర్‌వైజర్‌ని పెట్టుకునే వీలు ఇప్పటికే ఉంది. లా డిపార్టుమెంటులో ఎల్‌ఎల్‌ఎం చేసిన విద్యార్థికి కంప్యూటర్ సైన్సు నుంచి కో-సూపర్‌వైజర్‌ని ఇస్తే, మనలాంటివాళ్ళు వచ్చేదాకా పని ఆగక్కర్లేదు.

ఇంతకీ నేనేం చేస్తున్నానంటే, ఫోన్లో చెప్పిన ఆ "చూసుకుంటాం" అనే ఏర్పాటుకి ఒప్పుకోలేదు. రెండేళ్ళలో లోను తీరుతుంది. అప్పుడు లాసెట్ రాసి, పట్టపగలు క్లాసుకి వెళ్ళి కూర్చుంటాను. ఈలోగా రాత్రి క్లాసులకి అనుమతి వస్తే ఇంకా ముందే వెళ్తాను. మీలో ఎవరైనా ఉద్యోగం చేస్తూనే నిజంగా క్లాసులకి వెళ్ళి ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసినవాళ్ళుంటే, ఎలా కుదిరిందో కాస్త చెప్పండి. నాలాగే లెక్కలేసుకుంటున్నవాళ్ళకి అది చాలా అవసరం.