కృష్ణమ్మ కూడా హిందూపురం వచ్చేసింది!

'హిందూపురమా? ఇంకో రెండు గంటలు పోతే బెంగళూరే కదా, అక్కడే చూసుకోకపోయారా?'

2012లో మావారికి తూముకుంట పారిశ్రామికవాడలో ఉద్యోగం వచ్చిందనగానే తెనాలిలో చుట్టాలందరూ అడిగిన ప్రశ్న ఇది. తమాషా ఏమిటంటే, తీరా సామాను దించుకున్నాక ఇంటి ఓనరమ్మ కూడా అదే అడిగింది. 'అంత దూరం నుంచి వచ్చినారు, ఇంకొంచెం పోయుంటే బెంగళూరే కదమ్మా!' అని.

నాన్న మాత్రం బెంగళూరు ఊసెత్తలేదు. 'అక్కడ నీళ్లున్నాయా?' అన్నారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో మాగాణి చేసిన మనిషి. ఊరి మధ్య నుంచే కాలువలు పారే తెనాలిలో పెరిగిన నాకు ఆ ప్రశ్న పెద్దగా బుర్రకెక్కలేదు.

వచ్చిన వారానికే ఎక్కింది. మా వీధిలో కుళాయి వారానికోసారి, ఒక్కోసారి పది రోజులకోసారి. ఇల్లు చూడ్డానికి వెళ్తే ఎన్ని గదులని కాదు, సంపు ఎంత లోతని అడగాలని పక్కింటి అక్క పాఠం చెప్పింది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకి. బట్టలు జాడించిన నీళ్లు బాత్రూముకి. మా వంటింటి గోడమీద డాక్టరు నెంబరు పక్కనే ట్యాంకరు డ్రైవరు నెంబరు రాసి ఉండేది. రెండోదానికే ఎక్కువసార్లు ఫోన్ చేశాం.

మ్యాపులో చూస్తే పెన్న ఈ దగ్గరే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి హిందూపురం ప్రాంతంలోనే మన రాష్ట్రంలోకి అడుగుపెడుతుంది. ఓ ఆదివారం పిల్లని తీసుకుని సరదాగా వెళ్లాం. 'అమ్మా, నది ఏదీ?' అంది. అప్పటికి మేం నిలబడింది నదిలోనే.

'మూడేళ్లు ఉందాం, తర్వాత వెనక్కి' అనుకున్నాం. అట్టపెట్టెలు కూడా పారేయకుండా అటక మీద దాచాను.

ఊరు మాత్రం మమ్మల్ని చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా చూడలేదు. పొద్దున్నే ఎదురైన ప్రతివాళ్లూ 'తిండి అయిందా అక్కా?' అనేవారు. ఇదేం మాటని మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. కన్నడంలో టిఫిన్ని తిండి అంటారని తర్వాత తెలిసింది. ఇక్కడ బొబ్బట్లు ఓళిగలు, నిమ్మకాయ పులిహోర చిత్రాన్నం. మా అమ్మాయి బడి నుంచి వస్తూ రెండు భాషలూ కలిపి మాట్లాడుతుంటే తెనాలి ఫోనులో అమ్మమ్మకి సగమే అర్థమయ్యేది. చలికాలం వచ్చిందంటే అనపకాయలు. నానబెట్టిన గింజల్ని అరుగుల మీద కూర్చుని ఒక్కొక్కటే పితుకుతూ వీధి వీధంతా కబుర్లే. ఆ పితికిపప్పు కూర, రాగిసంగటి తిన్నాక నాకు గోంగూర బెంగ కాస్త తగ్గింది. కాస్తే! ఎత్తు మీద ఉన్న ఊరు కాబట్టి మే నెలలో కూడా తెల్లవారుజామున దుప్పటి కోసం తడుముకుంటాం. తెనాలి వేసవి తెలిసినవాళ్లకి ఇది లాటరీ తగిలినట్టే.

చుట్టాలొస్తే లేపాక్షి తప్పదు. వేలాడే స్తంభం కింద నుంచి టవలు లాగడం ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

చెల్లెలి పెళ్లి చీరలకి ధర్మవరం వెళ్లాం. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా పోతుంది. ధర్మవరంలో ఓ ఇంట్లో గుంటమగ్గం దగ్గర కూర్చోబెట్టి చీరలు చూపించారు. ఆ పెద్దాయన నాడె విసురుతూనే మాట్లాడాడు. పెద్దకొడుకు బెంగళూరులో, చిన్నకొడుకు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. 'ఇద్దరూ మగ్గం దిగమన్యారు' అన్నాడు. బేరమాడదామని వెళ్లిన మేం ఆ మాట విన్నాక ఆడలేదు.

ఆ ఫ్యాక్టరీలన్నీ పెనుకొండ చుట్టుపక్కలే. నిజానికి పెనుకొండకి వలసలు కొత్తేం కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధానే హంపీ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. ఆ రోజుల్ని తలపించే గగన్ మహల్ ఇప్పటికీ ఉంది. నాలుగున్నర శతాబ్దాల తర్వాత కియా వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో ఎర్రమంచి నుంచి సెల్టోస్ కారు బయటికి. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. 'కొరియావాళ్లు వస్తారంట' అని హిందూపురంలో మా ఇంటద్దె కూడా పెరిగింది. మా వీధికి ఇంతవరకూ ఒక్క కొరియా ఆయనా రాలేదు, పెరిగిన అద్దె మాత్రం తగ్గలేదు.

అసలు సంగతి నీళ్లది. హంద్రీ-నీవా కాలువ ద్వారా 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లొచ్చాయి. అక్కణ్ణుంచి పైపులైను వేసి హిందూపురానికి తెచ్చారు. శ్రీశైలం డ్యాం నిండితే 885 అడుగులు, అంటే 270 మీటర్లు. హిందూపురం 600 మీటర్ల పైమాటే. మల్యాల దగ్గర తోడిన నీళ్లని అంచెలంచెలుగా మోటార్లతో ఎత్తుకుంటూ వస్తే గానీ మా బిందెలోకి రావు.

మా కుళాయిలో అవి మొదటిసారి వచ్చిన రోజు సంబరంగా నాన్నకి ఫోన్ చేశాను. 'మన కృష్ణ నీళ్లే నాన్నా!' అన్నాను. అవతల కాసేపు మాటలేదు.

'మాకు రెండో పంటకి నీళ్లు లేవంటున్నారమ్మాయ్. మీకు కొండెక్కిస్తున్నారా?' అన్నారు.

'తాగడానికి ఎన్ని పోతాయి?'

'తాగడానికైతే ఎవరు కాదన్నారు? కార్ల ఫ్యాక్టరీకి కూడానట కదా!'

నిజమే, ఆ జలాశయం నీళ్లే కియాకీ ఇచ్చారు. కానీ ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలే రాకపోతే ధర్మవరం పెద్దాయన చిన్నకొడుకు కూడా బెంగళూరు రైలే ఎక్కేవాడు. ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ పట్టు వదల్లేదు. ఆ వాదన మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఆ మరుసటి వేసవిలో నాన్న వచ్చి నెల రోజులున్నారు. ఓ పొద్దున కుళాయి రాగానే నాకు సాయంగా తనే పంచె ఎగ్గట్టి బిందెలు పట్టారు. నిన్నటి నీళ్లు సగం బిందె మిగిలి ఉంటే, తెనాలిలో చేసినట్టే వాకిట్లో కుమ్మరించేశారు. 'అయ్యో నాన్నా!' అని ఎంత గట్టిగా అరిచానంటే, పక్కింటి అక్క గోడమీంచి తొంగిచూసింది. నాన్న తడిసిన నేలవంక, నావంక మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ మిగిలిన నీళ్లు కరివేపాకు మొక్కకే పోశారు.

ఇప్పటికీ మా వీధికి రోజూ రావు, రెండు మూడు రోజులకోసారే. ట్యాంకరు నెంబరు మాత్రం గోడ మీద మాసిపోయింది. మేం ఊరి చివర చిన్న స్థలం కొన్నాం. అటక మీది అట్టపెట్టెలు పాత సామాన్లవాడికి వేసేశాను. రిజిస్ట్రేషన్ అయిందని ఫోన్ చేస్తే నాన్న ఎన్ని గజాలని అడగలేదు.

'సంపు ఎంత లోతు తవ్విస్తున్నారు?' అన్నారు.