తప్పు ఎవరిది?

లినక్సు కెర్నెల్‌ను 1991లో మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి. ఒక విద్యార్థి రాసినదాన్ని మరో విద్యార్థి మార్చుకోలేడా అని నాకూ పౌరుషం పుట్టింది.

ఓ రాత్రి హాస్టల్ గదిలో సొంత కెర్నెల్ తయారీకి కూర్చున్నాను. వేలకొద్దీ ఆప్షన్లు చదివే ఓపిక లేక ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అని కొట్టాను. ఆ వేళకు లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రం ఉంచి, తక్కినవాటిని తీసేసే ఆజ్ఞ అది. తెల్లవారేసరికి కొత్త కెర్నెల్ బూటయింది. నా అంతవాడు లేడనుకున్నాను!

రెండు రోజుల క్రితం నా వైఫై డాంగిల్ పట్టుకెళ్లిన పక్కగది మిత్రుడు పొద్దున్నే తిరిగి ఇచ్చాడు. పెట్టి చూస్తే నెట్టు లేదు. "పాడుచేసి తెచ్చావుట్రా!" అని వరండాలో నలుగురి ముందూ అనేశాను. వాడు మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తరువాత ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొడితే జాబితాలో డాంగిల్ పేరు కనబడింది. అంటే దానికి ప్రాణం ఉన్నట్టే. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే నిక్షేపంగా పనిచేసింది! అప్పుడు తెలిసింది. నేను ఆ ఆజ్ఞ ఇచ్చేనాటికి డాంగిల్ వాడి దగ్గరుంది. లోడు కాని దాని డ్రైవర్ని నేనే తీసేయించాను.

డ్రైవర్ని మాడ్యూలుగా చేర్చి మళ్లీ కంపైలు చేశాను. నెట్టు వచ్చింది. పాత కెర్నెల్ చెరపకపోవడం నన్ను కాపాడింది. అన్నమాటని వెనక్కి తెచ్చే మెనూ మాత్రం ఎక్కడా లేదు. సాయంత్రం క్యాంటీన్లో వాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

"సరేలే, టీ డబ్బులు నువ్వే ఇయ్యి," అన్నాడు.