కీసరగుట్ట మీద 36 క్లిక్కులు

సినిమా ప్రియులకి ఓ చిన్న లెక్క! స్టిల్ కెమెరాలో వేసే 35 ఎం.ఎం. రీలూ, డిజిటల్ రాకముందు మన సినిమాలన్నీ తీసిన రీలూ ఒకే వెడల్పు. స్టిల్ కెమెరాలో ఒక ఫొటోకి పట్టే జాగాలో సినిమా ఫ్రేములు రెండు పడతాయి. అంటే 36 ఫొటోల రీలు సినిమా లెక్కలో 72 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున మొత్తం మూడంటే మూడే సెకన్లు! హీరోగారు వెనక్కి తిరిగి నల్లకళ్లద్దాలు తీసేలోపల మన రీలు ఖాళీ!

ఆ మూడు సెకన్ల సరుకు జేబులో వేసుకుని ఒక పూటంతా కీసరగుట్ట తిరిగొచ్చాను. శివరాత్రి జాతరకి ఇంకా రెండు నెలలుంది కాబట్టి జనం పలచగా ఉన్నారు. నా దగ్గరున్నది బ్యాటరీ అక్కర్లేని పాత కెమెరా. సెకండ్‌హ్యాండులో కొన్నది. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు, పోస్టు చార్జీలు కలిపి చూస్తే ఒక్కో క్లిక్కు ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్ల కన్నా ఎక్కువే పడుతుంది. అంచేత వేలు దానంతటదే వెనకాడుతుంది. ఆ వెనకాడటంలోనే ఉంది మజా అంతా!

సికింద్రాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లు ఈసీఐఎల్ చౌరస్తా దాటి, కుషాయిగూడ, నాగారం మీదుగా కీసర చేరుకోవచ్చు. ఔటర్ రింగు రోడ్డు మీద వచ్చేవాళ్లకి కీసర దగ్గరే దిగే దారి ఉంది. 2016 నుంచి ఇది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. దారి పొడుగునా ప్లాట్ల బోర్డులు, కొత్త అపార్టుమెంట్లు. వాటిని దాటుకుని గుట్ట ఎక్కితే మటుకు బండరాళ్లు, గాలి, ఎక్కడ చూసినా శివలింగాలే!

ఈ లింగాల వెనక ఓ కథ చెబుతారు. రావణవధ తర్వాత శ్రీరాముడు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకుని, కాశీ నుంచి లింగాన్ని తెమ్మని హనుమంతుణ్ణి పంపాడట. ముహూర్తం దగ్గర పడింది. హనుమంతుడి జాడ లేదు. చివరికి శివుడే ప్రత్యక్షమై ఇచ్చిన లింగాన్ని రాముడు ప్రతిష్ఠించేశాడు. తీరా 101 లింగాలతో దిగిన హనుమంతుడు జరిగింది చూసి అలిగి, వాటిని గుట్టంతా విసిరేశాడట. ఆయన్ని ఓదార్చడానికే ఈ కొండకి ఆయన తండ్రి కేసరి పేరు మీద కేసరిగిరి అని పేరు వచ్చిందనీ, అదే వాడుకలో కీసర అయిందనీ అంటారు. దూరం నుంచి రావలసిన పార్సిలు ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఈ గుట్టకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు చెప్పండి!

రామలింగేశ్వరుడి గుడి పడమటి ముఖం. కెమెరా పట్టుకున్నవాడికి ఇంతకంటే వరమేముంది? పొద్దు వాలేకొద్దీ ఎండ సూటిగా ముందు భాగం మీద పడుతుంది. వెలుగు కొలిచే మీటరు లేకపోయినా భయం లేదు. ఎండ బాగా కాస్తుంటే అపర్చరు 16 దగ్గర పెట్టి, షట్టరు అంకె ఫిల్ము స్పీడుకి దగ్గరగా పెట్టుకోవడం పాతకాలపు సూత్రం. ఎండ తగ్గితే అపర్చరు ఒక మెట్టు తెరవాలి. కలర్ నెగటివ్ వెలుగు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది కానీ, తక్కువైతే మూతి ముడుచుకుంటుంది.

గుడి చూసి వెనక్కి తిరిగితే గుట్ట సగమే చూసినట్టు. ఈ ప్రాంతంలో పురావస్తుశాఖ తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు, కోట ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇక్కడి బండ మీద చెక్కిన ఓ తెలుగు మాటని పండితులు ‘తొలుచువాండ్రు’ అని చదివారు. రాళ్లు తొలిచేవాళ్లని అర్థం. అయిదో శతాబ్దం నాటిదని వాళ్ల అంచనా. ఆ పనివాళ్లు ఒక్క పేరూ వేసుకోకుండా టైటిల్ కార్డు వేసుకున్నారన్నమాట!

సాయంత్రానికి 30 ఫ్రేములు అయిపోయాయి. కింద కొబ్బరికాయలమ్మే ముసలాయన, పక్కనే ఆయన భార్య. అడిగితే ఇద్దరూ సర్దుకుని కూచున్నారు. క్లిక్ అనగానే ఆయన చెయ్యి చాచాడు.

“ఏదీ, సూపియ్యి బిడ్డా!”

“ఇందులో కనబడదు తాతా. ఇది రీలు కెమెరా. బొంబాయి పంపి కడిగించాలి.”

“గట్లనా! మా పెండ్లి ఫోటోలు గూడ గిట్లనే, నెల దినాలకొచ్చినయి.” ఒక్క క్షణం ఆగి అన్నాడు: “ఫోన్ల మస్తు ఫోటోలుండె. గది నీళ్లల్ల పడ్డది, ఒక్కటి మిగల్లె. కాయితం మీదిస్తవా?”

ఇస్తానన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఆ ఒక్క మాటతో నా రీలు ఎంత బరువెక్కిందో!

ఎందుకంటే, తీసిన రీల్లో ఇంకా బొమ్మ ఉండదు. వెలుగు తగిలిన చోట వెండి ఉప్పు రేణువుల్లో కంటికి కనపడని చిన్న మార్పు, అంతే! అది బొమ్మ కావాలంటే 38 డిగ్రీల వేడి ఉన్న డెవలపర్‌లో మూడుంపావు నిమిషాలు మునగాలి. ఈలోపల మూత ఊడి వెలుగు తగిలినా, పార్సిలు దారి తప్పినా అంతే సంగతులు. రీలు పూర్తిగా వెనక్కి చుట్టి, డబ్బీలో పెట్టి, పేరూ ఫిల్ము స్పీడూ రాసి స్పీడ్ పోస్టులో పంపాను. చలికాలం పంపడం మేలు. తీసిన రీలుకి వేడి శత్రువు.

అసలిలా పంపడం కొత్తేమీ కాదు. 1888లో అమెరికాలో తొలి కోడక్ కెమెరా 100 ఫొటోల రీలుతోనే అమ్మేవారు. అన్నీ తీశాక కెమెరాతో సహా కంపెనీకి పంపితే ప్రింట్లూ, కొత్త రీలు ఎక్కించిన కెమెరా తిరిగొచ్చేవి. మన సినిమా వాళ్లూ అంతే కదా! పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో ఎక్కడ ఔట్‌డోర్ తీసినా డబ్బాలు మద్రాసు ల్యాబుకి వెళ్లాల్సిందే. రష్ చూసేదాకా కెమెరామన్‌కి నిద్ర పట్టేది కాదు.

నాకూ పట్టలేదు. ముంబయిలో పార్సిలు అందినట్టు తెలిసింది. తర్వాత పదకొండు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పన్నెండో రోజున స్కాన్లు వచ్చాయి. నాలుగు బొమ్మలు పోయాయి. గుడి మీది ఎండ బ్రహ్మాండంగా వచ్చింది. ముసలావిడ నవ్వుతోంది. ఆయన పోలీసు స్టేషనులో కూచున్నట్టు బిగుసుకుని ఉన్నాడు. ప్రింటు వేయించి ఆ ఆదివారమే పట్టుకెళ్లాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. “నెల గాలే, జల్దీనే వచ్చింది” అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పి, “తారీకు రాయి బిడ్డా” అన్నాడు. రాశాను. ఆవిడ చీర కొంగుతో తుడిచి సంచీలో పెట్టుకుంది.

ఇక ఈ హాబీ ఉన్న కుర్రకారుకి ఒక మాట. తీసిన రీళ్లు బీరువాలో దాచకండి! 1935లో వచ్చిన కోడాక్రోమ్ ఫిల్ముని 2009లో ఆపేశారు. ఆ కంపెనీ ఇచ్చిన చివరి రీలుతో స్టీవ్ మెక్‌కరీ అనే ఫోటోగ్రాఫరు న్యూయార్కులో రాబర్ట్ డి నీరోని, మన దేశానికొచ్చి అమితాబ్ బచ్చన్‌ని, ఆమిర్ ఖాన్‌ని తీశాడు. పోస్టుని కూడా నమ్మక తనే స్వయంగా కాన్సస్‌లోని పార్సన్స్ అనే చిన్న ఊరి ల్యాబుకి పట్టుకెళ్లాడు. ప్రపంచం మొత్తానికి మిగిలిన ఆ ఒక్క ల్యాబూ 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోలేదు. ఆ రోజు దాటాక అలమరాల్లో మిగిలిపోయిన రీళ్లకి వాటి అసలు రంగులు దక్కే దారి మూసుకుపోయింది. మన ఊటీలో 1960లో పుట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీలు కూడా ఇప్పుడు లేదు.

హనుమంతుడు ఆలస్యంగా తెచ్చినా ఆ లింగాలు ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. ఆలస్యమైనా ఫరవాలేదు, వస్తే చాలు. మరి మీ బీరువాలో రీలు ఉంటే రేపే పోస్టాఫీసుకి వెళ్లండి. వెళ్లేముందు డబ్బీ మీద పేరు రాయడం మరవకండేం!