పుట్టీ కింద తుప్పు

అల్మాస్ అంటే వజ్రం. ఆ పేరు పెట్టుకున్న అల్మాస్‌గూడలో, మా ఇంటి ముంగిట వేపచెట్టు నీడన ఒక పాత బజాజ్ చేతక్ చాలాకాలంగా నిలిచి ఉండేది. ఏళ్ళ తరబడి మమ్మల్ని మదర్సాకు, పిల్లలను బడికి, పండుగ నాడు ఇంటిల్లిపాదినీ ఈద్‌గాహ్‌కు మోసిన బండి అది. మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక కిక్కు కొట్టడం మా వల్ల కాలేదు. మా వద్ద చదువు ముగించి, ఒక మక్తబ్‌లో పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పుతున్న పూర్వ విద్యార్థి దానిని కొనుక్కుంటానన్నాడు. ఇచ్చేముందు కొత్త రంగు వేయాలనుకున్నాం. షెడ్డులో అడిగిన సొమ్ము విని వెనక్కి తగ్గితే, మా అబ్బాయి "అబ్బా, ఇంట్లోనే వేసేద్దాం" అన్నాడు.

రంగు పూయడం చివరి గంట పని మాత్రమేనని, అసలు శ్రమంతా అంతకుముందేనని మాకు అప్పుడే తెలిసింది. ముందుగా కిరోసిన్‌తో జిడ్డు తుడిచి, సబ్బునీటితో కడగాలి. ఏ మూలనైనా నూనె మరక మిగిలితే అక్కడ రంగు నిలవదు. సీటు, లైటు, ఇరుపక్కల మూతలు విప్పాలి. పెచ్చులూడిన పాత రంగును గరుకు ఎమరీ కాగితంతో గీకి, నునుపు కాగితంతో సాపు చేసి, బయటపడిన రేకుకు ప్రైమరు పూయాలి. సొట్టలకు పుట్టీ పలుచగా పెట్టి, ఆరాక వాటర్ పేపరును నీటిలో తడుపుతూ రుద్దాలి. కంటికి అందని ఎగుడుదిగుడు అరచేతికి తెలుస్తుంది. ముసురు పట్టిన రోజున రంగు వేస్తే గాలిలోని తేమకు అది తెల్లబారుతుంది. థిన్నరు ఆవిరి ఊపిరికి హానికరం, మంటకు ఆప్తమిత్రం. కనుక ముక్కుకు మాస్కు ఉండాలి, పొయ్యి దూరంగా ఉండాలి. మరొక్క మాట. రిజిస్ట్రేషన్ పత్రంలో బండి రంగు కూడా రాసి ఉంటుంది. రంగు మారిస్తే రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి. అందుకే మేము పాత నీలి రంగునే ఎంచుకున్నాం.

రెండవ రోజున, కాళ్ళు పెట్టుకునే చోటనున్న రబ్బరు పట్టా ఎత్తి చూశాం. దాని కింద ఏళ్ళ వాననీరు చేరి రేకును తినేసింది. అరచేయంత మేర తుప్పు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగింది. చేతక్‌కు వేరే గొట్టాల చట్రం ఉండదు. ఆ ఉక్కు రేకే దాని ఒళ్ళు, అదే దాని ఎముక. మా అబ్బాయి సన్నని జాలీ ముక్క అడ్డుపెట్టి, మీద పుట్టీ మెత్తాడు. సాయంత్రానికి ఆ చోటు మిగతా రేకుకంటే నున్నగా తయారైంది. మేము చూశాం. ఏమీ అనలేదు. వచ్చే నెల మా అమ్మాయి కళాశాల ఫీజు కట్టవలసి ఉంది. పైగా అతడు అడగలేదు, అడగనిది చెప్పకపోవడం అబద్ధమెలా అవుతుందని మా నఫ్స్ సర్దిచెప్పింది.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత కంటికి కునుకు లేదు. ఎన్నేళ్ళుగానో మేము విద్యార్థుల ముందు ఖుదూరీ గ్రంథం తెరిచి 'ఖియారె ఐబ్' అధ్యాయం బోధిస్తున్నాం. సరుకులో దాగిన లోపం బయటపడితే దానిని తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుందని అందులోని పాఠం. ఆ పాఠాన్ని మా నోటనే విన్న కుర్రవాడికి మేము అమ్మబోతున్నది ఏమిటి? అతడికి మూడేళ్ళ కొడుకున్నాడు. మన ఊళ్ళలో తండ్రి స్కూటరు నడుపుతుంటే చిన్నపిల్లవాడు ఎక్కడ నిలబడతాడో అందరికీ తెలిసిందే. సరిగ్గా ఆ రేకు మీదనే.

హజ్రత్ వాసిలా బిన్ అస్‌ఖా (రజి) ఉదంతం గుర్తుకొచ్చింది. ఒక వ్యక్తి ఆయన ఇంటి వద్ద ఆడ ఒంటెను కొని తీసుకుపోతుంటే ఆయన వెంటపడి వెళ్ళి ఆపారు. మాంసానికా, ప్రయాణానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికని అతడు చెప్పగా, దాని గిట్టలో రంధ్రం ఉందని వెల్లడించారు. బేరం చెడగొడుతున్నారని యజమాని నొచ్చుకుంటే, లోపం చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) చెప్పగా విన్నానన్నారు. నాటి వాహనానికి గిట్టలో రంధ్రం, నేటి వాహనానికి అడుగు రేకులో రంధ్రం. తేడా ఏముంది?

ఫజ్ర్ నమాజు కాగానే ఆ పుట్టీనంతా మా చేతులతోనే గీకేశాం. మా అబ్బాయి కాసేపు మౌనంగా చూసి, తానూ ఎమరీ కాగితం అందుకున్నాడు. కొనే అతడిని పిలిచి రంధ్రం చూపించాం. వద్దనుకుంటే నిస్సంకోచంగా వెళ్ళిపొమ్మన్నాం. అతడు వంగి, వేలితో తడిమి చూసి, "బాగు చేయిస్తే తీసుకుంటాను హజ్రత్" అన్నాడు. పెట్రోలు ట్యాంకు విప్పించి, తుప్పు పట్టిన మేర కోయించి, కొత్త రేకు వెల్డింగు చేయించాం. ఆ ఖర్చు మేమే భరించి, ధరలో రెండు వేలు తగ్గించాం. ఫీజులో లోటుపడిన సొమ్ముకు ఒక మిత్రుని వద్ద అప్పు చేయవలసి వచ్చింది. మా ఇల్లాలు ఒక్క మాట కూడా అనలేదు.

బండి అప్పగించిన రోజున ఎడమవైపు మూత మీద రంగు కారిన చారను కూడా చూపించాం. అతడు నవ్వాడు.

కొలతల్లో మోసగించేవారి వినాశంతో మొదలయ్యే ముతఫ్ఫిఫీన్ సూరాలోనే, మనుషుల సంపాదన వారి హృదయాలకు తుప్పులా పడుతుందన్న హెచ్చరిక ఉంది. ఆ రెండూ ఒకే సూరాలో ఎందుకున్నాయో ఇన్నేళ్ళ బోధనలో మాకు ఇంత స్పష్టంగా బోధపడలేదు. రేకు మీది తుప్పును పుట్టీతో కప్పవచ్చు. హృదయం మీది తుప్పును మాత్రం గీకి తీయవలసిందే. అందుకు తగిన సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.