దయ్యాల ఊరిలో ఒక రాత్రి

"మామయ్యా, కె.జి.ఎఫ్.లో ఒక రాత్రి గడపాలి. నువ్వు తోడు వస్తావా?" అని మా మేనల్లుడు ఫోను చేసినప్పుడు, సినిమా చూసిన ఉత్సాహమనుకున్నాను. సంగతి అది కాదు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఈ అబ్బాయి, ఇద్దరు స్నేహితులతో కలిసి, పాడుబడిన చోట్ల రాత్రంతా కూర్చొని ఆత్మలున్నాయో లేవో యంత్రాలతో పరీక్షిస్తున్నాడట. మా అక్క భయపడి, "పెద్దవాడివి, నువ్వైనా వెంట ఉండు తమ్ముడూ" అన్నది. వెళ్లడానికి నాకూ ఒక కారణమున్నది. మా పెదనాన్న ఆ గనుల్లో పనిచేశారు. చిన్నతనంలో క్రిస్మసు సెలవులకు మేము అక్కడికే వెళ్లేవాళ్లం.

కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగాను. అక్కడి నుండి మారికుప్పం వెళ్లే చిన్న లైను ఉన్నది. ఊరుగాం, ఛాంపియన్ అనే స్టేషన్ల పేర్లు వినగానే నాకు పదేళ్ల వయస్సు తిరిగి వచ్చినట్లయింది.

కోలారు బంగారు గనుల చరిత్ర మన పిల్లలు తెలిసికోదగినది. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ పని ప్రారంభించారు. 1902 నాటికి కావేరి మీది శివసముద్రం నుండి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు వేసి ఇక్కడికి కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో ఇంకా కరెంటు దీపాలు లేని రోజులవి. దొరల బంగళాలు, క్లబ్బులు చూసి దీన్ని చిన్న ఇంగ్లండు అనేవారు. కూలీలు మాత్రం ఉత్తర ఆర్కాటు నుండి, మన చిత్తూరు జిల్లా నుండి వచ్చిన పేదలు. వారు 'లైన్లు' అనే ఇరుకు ఇళ్లలో కాపురముండేవారు. ఛాంపియన్ రీఫ్ గని భూమిలోనికి 3 కిలోమీటర్లకు మించి దిగింది. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీశారు. బంగారం తగ్గి ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీరు తోడడం ఆగిపోగా సొరంగాలు నీటితో నిండిపోయాయి.

అబ్బాయిలు ఎన్నుకొన్నది, కప్పు సగం కూలిన ఒక పాత బంగళా. గనుల ఆవరణలోనికి ఎవరినీ పోనివ్వరు గనుక, ఆవరణ బయట ఉన్న ఈ ఇంటిని చూసుకొనే మనిషిని అడిగి అనుమతి తీసికొన్నారు. పొద్దుగూకేసరికి కెమెరాలు, టేపురికార్డరు వంటి చిన్న యంత్రం, కరెంటు అయస్కాంత శక్తిని కొలిచే మీటరు అమర్చారు. నేను తెచ్చిన చపాతీలు తిన్నాము. నేను ప్రార్థన చేస్తే వాళ్లూ తలలు వంచారు.

పదకొండు గంటలకు మీటరు కీచుమని మ్రోగింది. అబ్బాయిల ముఖాలు వెలిగిపోయాయి. టార్చి వేసి చూస్తే, గోడ వెనుకగా ప్రక్క లైనుకు వెళ్లే కరెంటు తీగ ఉన్నది. కెమెరాలో గుండ్రని వెలుగులు తేలుతూ కనబడ్డాయి. అవి సైనైడు దిబ్బల మీది నుండి గాలికి వచ్చిన దుమ్ము. బంగారం తీసిన తరువాత మిగిలిన పిండిరాయి అక్కడ కొండల్లా పడి ఉన్నది. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్లలోనికి, అన్నం గిన్నెల్లోనికి వస్తుంది. కెమెరా దగ్గర ఎగిరే దుమ్ము దాని దీపానికి మెరిసి అలా కనబడుతుందని మా అబ్బాయే ఒప్పుకొన్నాడు.

"కంటికి కనబడనిదాన్ని యంత్రంతో పట్టుకోవడం తప్పా మామయ్యా?" అని అడిగాడు. తప్పేమీ కాదన్నాను. ఇదే ఛాంపియన్ రీఫ్‌లో, 1965లో, టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాను, ఇంగ్లండు వారితో కలిసి రెండు కిలోమీటర్లకు మించిన లోతున యంత్రాలు పెట్టారు. అంత రాతిని దాటి రాగల న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణాల జాడను అక్కడ కనిపెట్టారు. వారు కరెంటు తీగను చూసి మోసపోలేదు. ప్రతి అనుమానాన్ని విడివిడిగా తీసివేసిన తరువాతనే నోరు విప్పారు. "నీ పని కూడా అలాగే చెయ్యి" అన్నాను.

రెండు గంటలు దాటిన తరువాత ఆ శబ్దం వచ్చింది. మనిషి దగ్గు. పొడిగా, లోతుగా, ఆగి ఆగి దాదాపు పావుగంట వినబడింది. బయట ఎవరూ లేరు. రికార్డరులో అది స్పష్టంగా పడింది. అబ్బాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొన్నారు. నాకు మాత్రం వేరే భయం కలిగింది. అది మా పెదనాన్న దగ్గులా ఉన్నది. ఆయన చనిపోయి నలభై ఏళ్లు దాటింది. రాయి తొలిచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని వచ్చే ఆ జబ్బును సిలికోసిస్ అంటారు. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆ రాత్రి ఇక నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి గోడ చుట్టూ తిరిగి వెళితే, వెనుకనే రేకుల కప్పు ఇల్లు. వాకిట్లో డెబ్బై ఏళ్లు పైబడిన ముసలాయన కూర్చొని దగ్గుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఎవురు నాయనా మీరు? రేత్రంతా ఈడ లైట్లు తిరగతా ఉండె. దెయ్యాలేమోనని మా ఆడమనిషి తలుపు గడియ పెట్టుకొనింది" అన్నాడు. అబ్బాయిలు సిగ్గుతో నవ్వారు.

వారిది మన రామకుప్పం వైపు. తండ్రితో వచ్చి గనిలో చేరాడట. లోపల వేడికి ఒళ్లు ఉడికిపోయేదన్నాడు. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలి మీద పడేదట. అది నాకూ గుర్తున్నది. పైన ఇంట్లో అలమరలోని పళ్లేలు గలగలమంటే పెద్దమ్మ చేతిలో గరిటె వదిలి గని దగ్గరకు పరుగెత్తేది.

"ఇది చచ్చిపోయిన ఊరని అందరూ అంటారు తాతా" అన్నాడు మా వాడు.

"చచ్చిపోయిన ఊరైతే తెల్లారుజామున బెంగుళూరు రైలు ఎవురితో నిండతా ఉంది? నా ఇద్దరు కొడుకులూ దాంట్లోనే పోతారు, రేత్రికి వస్తారు" అన్నాడాయన.

మా వాడు కాసేపు ఊరకుండి, "మీ మాటలు దీంట్లో రికార్డు చేసుకోనా తాతా?" అని అడిగాడు. ఆయన తనతోబాటు గనిలోనికి దిగి తిరిగి రానివారి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి ఊరు, ఇంటిపేరు, ఎంతమంది పిల్లలో కూడా చెప్పాడు. మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు. ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. రాత్రంతా చనిపోయినవారి స్వరాల కోసం కనిపెట్టిన ఆ యంత్రంలో, చివరకు వారి పేర్లు బ్రతికి ఉన్న మనిషి నోట పడ్డాయి.

యోబు గ్రంథం 28వ అధ్యాయంలో గనుల పని గురించి చదువుతాము. మనిషి భూమి అడుగు దాకా తవ్వి బంగారం తీయగలడు గాని జ్ఞానాన్ని ఆ విధంగా తవ్వి తీయలేడని దాని సారాంశం. తిరుగు రైలులో నేను దానినే తలపోశాను. మేము దయ్యాలను వెదకుతూ రాత్రంతా ఒక రోగి ఇంటి గోడకు వీపు ఆనించి కూర్చొన్నాము. ఆయన దగ్గు విని భయపడ్డామే గాని, ఎవరికి బాగుండలేదోనని లేచి చూడలేదు. యంత్రాలు తెచ్చిన పిల్లలే కాదు, అది ఎలాంటి దగ్గో తెలిసిన నేనూ లేవలేదు.

మా అబ్బాయి ఆ దగ్గును ఎవరికీ వినిపించలేదు. వచ్చే నెల మందులు తీసికొని మరల వెళ్దామంటున్నాడు. ఈసారి పగటివేళ వెళతాము.